అడిగితే చెప్పాల్సిన జవాబులు

"తాతయ్యను పూడ్చాక అందరూ వచ్చేశారు కదా, మసీదు హోజా ఒక్కడే గోరీ దగ్గర కూర్చుని ఏం అడిగాడు నానమ్మా?"

సెవ్డా ఆ మాట అనగానే రుకియే చేతిలో దబ్బనం సగం ఆకుల దగ్గర ఆగింది.

ఆదివారం పొద్దున. పొగాకు పాకలో ముగ్గురూ గోనెపట్టాల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. మధ్యలో మంచు తడి ఆరని ఆకు కుప్ప. ఆ ఏటికి అదే ఆఖరి కోత, మొక్క కొసన మిగిలిన చిన్నాకు. పెద్దాకు కంటే చిన్నాకుకే జిగురెక్కువ. ఒక్కో ఆకునూ తొడిమ దగ్గర ఈనెలో గుచ్చి దబ్బనం మీదికి తోసుకుంటూ పోవాలి. దబ్బనం నిండాక పురికొస మీదికి దండగా దించాలి. మరీ నొక్కితే ఆకు మగ్గి నల్లబడుతుంది, వదులుగా వదిలితే ఎండినాక జారిపోతుంది. రుకియే ఆ పని కళ్లు మూసుకుని చెయ్యగలదు. కానీ ఇప్పుడు ఆమె కళ్లు కూతురి మొహం మీదే ఉన్నాయి.

నానమ్మ నెఫీసే మాత్రం చెయ్యి ఆపలేదు. "హోజా అడగడే, చెబుతాడు. అడిగేవాళ్లు వేరే, దేవదూతలు. జనం వెళ్లిపోయాక వాళ్లొస్తారు. నీ దేవుడెవరు, నీ ప్రవక్త ఎవరు, నీ గ్రంథం ఏది అని అడుగుతారు. కొత్తగా పోయినవాడు కంగారులో ఉంటాడు కదా, నోరు పెగలదు. అందుకని హోజా పక్కన కూర్చుని, ఫలానా తల్లి బిడ్డా, నిన్ను ఇట్లా అడిగితే ఇట్లా చెప్పు అని జవాబులు అందిస్తాడు."

"పరీక్షలో చీటీ అందించినట్టా?"

"అట్లాగే అనుకో. మీ తాతకు ఏదైనా ఒక్కసారి చెబితే ఎక్కేదా? పాపం హోజా మళ్లీ మళ్లీ చెప్పుకుని ఉంటాడు."

నానమ్మా మనవరాలిలా కాదు, ఒక ఈడు పిల్లల్లా ఇద్దరూ నవ్వుకున్నారు. రుకియేకి నవ్వు రాలేదు. "చావు సంగతులు నీకెందుకే ఇప్పుడు?"

"ఇంగ్లీషు మేడం ప్రశ్న ఇచ్చిందమ్మా. రేపు ఇవ్వాలి."

పట్నంలో సెవ్డా హాస్టల్లో ఉండి చదివే ఉన్నత పాఠశాలకు ఆ ఏడే కొత్త ఇంగ్లీషు మేడం వచ్చింది. రాజధాని నుంచి వచ్చిన పిల్ల, రాలిత్సా అని. వారానికో ప్రశ్న బోర్డు మీద రాస్తుందట. దానికి ఇంగ్లీషులో మనసులో మాట రాసుకు రావాలి. మీ వంటింట్లో నుంచి వచ్చే వాసన ఒకటి చెప్పు అని ఒక వారం. నీ గురించి జనం తప్పుగా అనుకునేది ఏమిటి అని మరో వారం. ఈసారిది, నువ్వెవరో నీకు తెలిసివచ్చిన రోజు గురించి రాయి, మీ ఇంటి ఆచారం ఏదైనా అందులో ఉండాలి, అని. బాగా రాసినవాళ్లు వచ్చే వారం విదేశీ అతిథుల ముందు చదువుతారు. వాళ్లకు నచ్చితే వేసవిలో ఇంగ్లండు తీసుకెళ్లి నెల రోజులు చదివిస్తారు.

చదువుల్లో ఇంత సొంత సంగతి ఎందుకో రుకియేకి అర్థం కాలేదు. ఆమె చదువుకున్న రోజుల్లో బడిలో నదుల పేర్లు అడిగేవారు, ఫ్యాక్టరీల పేర్లు అడిగేవారు. నువ్వెవరు అని అడిగితే అది బడి అయి ఉండేది కాదు, పోలీసు ఠాణా అయి ఉండేది.

"మార్చి ఒకటిన ఎర్రదారం తెల్లదారం పేనుకుని చేతికి కట్టుకుంటాం కదా. అది రాయి. దేశమంతా కట్టుకునేదే."

"దేశమంతా రాసేది కూడా అదేనమ్మా. చదవలేక మేడం ఆవలిస్తోంది."

"ఆవలించనీ. ఆవలింతలు వచ్చేవాళ్లు ఎవరినీ ఏమీ చెయ్యరు."

సెవ్డా ఒళ్లో ఆకులు పక్కకు తోసి మోకాళ్లు ముడుచుకుంది. "నేను ఆ రోజు ప్లమ్ తోట గోడ మీద నుంచి చూశానమ్మా. ఆడవాళ్లు గోరీల దగ్గరికి రాకూడదన్నారు కదా, గోడెక్కాను. హోజా తల దగ్గర కూర్చుని ముందు పేరు పెట్టి పిలిచాడు. ఎమినే కొడుకు సాలిహ్ అని. ఎంత మెల్లగానో. గోడ పక్కనే గనక ఆ పేరొక్కటే వినబడింది. పంచాయతీ పెద్ద గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు కదా. తల దగ్గర పాతిన చెక్క మీదేమో స్లావ్చో అని ఉంది. నాకప్పుడు ఒకటే అనిపించింది, లోపల వాళ్లు వచ్చి అడిగితే తాతయ్య ఏ పేరుతో పలుకుతాడు? పైనున్న పేరుతోనా, చెవిలో చెప్పిన పేరుతోనా? అదే రాస్తాను."

నెఫీసే తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుని మళ్లీ పనిలో పడింది.

రుకియే చిన్నపిల్లగా ఉన్న ఓ చలికాలం సైనికులు వచ్చి, ముస్లిం పేర్లు ఉండకూడదని ఊరందరి పేర్లూ మార్చి రాసుకుపోయారు. సాలిహ్ స్లావ్చో అయ్యాడు, రుకియే రుమ్యానా అయింది. గుర్తుంటుందని జనమే మొదటి అక్షరం కలిసేలా ఎంచుకున్నారు. సెవ్డా పుట్టేనాటికి కూడా అదే రూలు, అందుకే కాగితాల్లో సెవ్డలీనా. తర్వాత ప్రభుత్వం మారి, కావాలంటే పాత పేర్లు తీసుకోవచ్చంది. తీసుకున్నవాళ్లు తీసుకున్నారు. రుకియే ఇంట్లో ఎవరూ వెళ్లలేదు. మళ్లీ రోజులు తిరగబడితే?

"వద్దు," అంది. "అది రాయొద్దు."

"ఎందుకు? అబద్ధమా?"

"నిజమనే వద్దంటున్నా. ఎవరైనా చదివితే?"

"ఇంగ్లీషులో ఉంటుందమ్మా. మేడం తప్ప ఎవరు చదువుతారు?"

"మనం ఫలానా అని అందరికీ తెలుసు. ఊరి పేరు చెబితే చాలు తెలిసిపోతుంది. తెలిసినా ఎవరూ ఎత్తరు, మనం ఎత్తం. అట్లా ఒకరి జోలికి ఒకరు పోకుండా బతుకుతున్నాం. నువ్వెత్తితే ఇంక వాళ్లూ ఎత్తుతారు."

నెఫీసే తల ఎత్తకుండానే అంది. "ఆ చలికాలం పోయి ఎన్నేళ్లయిందే రుకియే? నువ్వింకా ఆ మంచులోనే నిలబడి ఉన్నావు."

బస్సు వేళకు ముందు రుకియే కూతుర్ని పెరట్లో పంపు దగ్గరికి లాక్కెళ్లింది. పొగాకు జిగురు సబ్బుకు వదలదు. ఆ నల్లటి చేతులు చూస్తే చాలు, ఫలానా ఊళ్ల పొగాకువాళ్లని పట్నంలో పోల్చేస్తారు. పచ్చి టమాటా కోసి ముక్కతో రుద్దాలి. ఒక్కో వేలూ పట్టుకుని, గోరు పక్క సందుల్లో కూడా రుద్దింది. పులుపు తగిలి సెవ్డా వేళ్ల మీది గీతలు మండాయి. ఆకుపచ్చగా, తర్వాత నల్లగా నీళ్లు కారాయి.

"హాస్టల్లో ఎవరైనా చేతులు చూసి అడిగితే?"

"అక్రోటు కాయలు ఒలిచానని, ఆ తొక్క మరకని చెబుతా." చిన్నప్పటి ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది సెవ్డా.

"నాన్న ఏం చేస్తాడంటే?"

"రాజధానిలో ఇళ్లు కడతాడు."

"పేరు?"

"సెవ్డలీనా." పిల్ల నవ్వింది. "నువ్వూ హోజావేనమ్మా. కాకపోతే నేనింకా బతికే ఉన్నాను."

రుకియే గబుక్కున నేల మీద ఉమ్మి, అపశకునం మాట అన్నందుకు కూతురి వీపు మీద ఒక్కటేసింది. బస్సు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడింది. ఈ బడి గడప దాటి వెనక్కి వచ్చిందా, ఇంక ఆ పిల్ల చేతికీ దబ్బనమే.

సోమవారం గడిచింది. మంగళవారం గడిచింది. రుకియే దండలు పందిరికి కడుతూ, మబ్బు పడితే ప్లాస్టిక్ పట్టా లాగుతూ, ఎండొస్తే తీస్తూ, ఆ కాగితం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందా అని ఆలోచించింది. మేడం బల్ల మీద ఉండి ఉంటుంది. ఊడ్చేవాళ్లు చూస్తారు. బల్ల మీద నుంచి హెడ్మాస్టర్ గదికి వెళుతుంది. అక్కడి నుంచి ఫోన్లు పోతాయి. ఫోన్ పోతే కారొస్తుంది. ఊళ్లోకి కొత్త కారు చప్పుడు వినబడితే చాలు, ఆమె చెయ్యి దానంతటదే గడ్డం కింది తలగుడ్డ ముడి మీదికి పోతుంది. మంగళవారం సాయంత్రం వచ్చినది పొయ్యిలోకి కట్టెలమ్మేవాడి బండి.

బుధవారం మధ్యాహ్నం పక్కింటి ఫిక్రియే వచ్చింది. చేతిలో పుట్టగొడుగుల బుట్ట, నోట్లో వార్త. బుట్ట దించకముందే వార్త దించే మనిషి.

"వదినా, నీ కూతురు గొప్పదైపోయిందట కదా! మా సబ్రియే చెప్పింది."

ఫిక్రియే చెల్లెలు సబ్రియే ఆ బడిలో వరండాలు తుడుస్తుంది.

"ఏమైంది? పిల్లకేమైంది?"

"పిల్లకేం కాలేదమ్మా తల్లీ, ముందు ఊపిరి పీల్చు. దాని రాత గోడకెక్కింది. హెడ్మాస్టర్ గది ఎదురుగా, గుండుసూదులు పెట్టి. పైన రెండు పేర్లూ ఉన్నాయట, సెవ్డా అనీ సెవ్డలీనా అనీ. మా ఇంట్లో ఎవరి పేరన్నా గోడకెక్కిందంటే అది కొట్టు బాకీల పట్టీయే. నీకేం, అదృష్టవంతురాలివి."

రుకియే చేతిలోంచి పురికొస జారింది. దండ కొస విడిపోయి ఆకులు ఒక్కొక్కటే దుమ్ములోకి రాలాయి. ఫిక్రియే వంగి ఏరబోయి ఆగింది.

"ఇంకోటి కూడా చెప్పింది. నీకు చెప్పొద్దంది. నేను చెప్పకుండా ఉండలేనని దానికీ తెలుసు." గొంతు తగ్గించింది. "కింద ఎవరో ఏదో రాశార్ట. బొమ్మ కూడా వేశారట. సబ్రియే గుడ్డ పెట్టి తుడవబోయిందట గానీ, గాజయితే పోతుంది, కాగితం కదా, చిరుగుతుందేమోనని వదిలేసిందట."

"ఏం రాశారు?"

"అది మాత్రం చెప్పలేదు. పిల్లలే, ఆకతాయి పిల్లలు. మన పిల్లలు మాత్రం తక్కువ తిన్నారా? మొన్న మసీదు పంపు మీద మా వాడు ఏం రాశాడో తెలుసా..."

రుకియే వినలేదు. పాకలోకి వెళ్లి అత్త ఎదురుగా నిలబడింది. "రేపు పొద్దున బస్సుకు పట్నం వెళతాను."

నెఫీసే ఆమె మొహం చూసింది. "టమాటాలు అటకమీద గడ్డిలో పెట్టాను, పచ్చివి," అంది.

పట్నం బడి వరండా పొడుగ్గా, చల్లగా ఉంది. ఎక్కడో గదిలోంచి పిల్లలు కలిసి చదువుతున్న చప్పుడు. రుకియే పెళ్లిళ్లకు వేసుకునే గోధుమరంగు కోటు తొడుక్కుంది. తలగుడ్డను ఊళ్లోలా గడ్డం కింద కాక, పట్నం ఆడవాళ్లలా మెడ వెనక్కి ముడేసుకుంది. చేతులు రెండుసార్లు రుద్దినా గోళ్ల చుట్టూ సన్నటి నల్లగీత మిగిలింది. వాటిని కోటు జేబుల్లో పెట్టుకుని గోడ దగ్గరికి నడిచింది.

కాగితాలు చాలా ఉన్నాయి. అన్నిటిలోనూ ఇంగ్లీషే. ఎర్రదారం తెల్లదారం బొమ్మలు, గులాబీల బొమ్మలు, రొట్టె పట్టుకున్న ముసలమ్మ ఫోటో. సెవ్డా కాగితం మధ్యలో ఉంది. బొమ్మ లేదు. నీలి సిరాతో వరస చెదరని అక్షరాలు. అందులో ఒక్క ముక్కా ఆమెకు తెలియదు. కానీ కింద పెన్సిల్‌తో రాసింది మాత్రం అర్థమైంది. అది ఇంగ్లీషులో లేదు.

"ఇంతకీ మార్కులు ఎవరికెయ్యాలి, సెవ్డాకా సెవ్డలీనాకా?"

దాని పక్కన రెండు చేతుల బొమ్మ. చేతుల్ని పెన్సిల్ అరిగేదాకా నల్లగా నింపారు.

రుకియే జేబుల్లోని పిడికిళ్లు బిగిశాయి. సెవ్డా చేతులు తోటి పిల్లలు చూశారన్నమాట. అక్రోటు కాయల మాట ఎవరూ నమ్మలేదన్నమాట. ఇన్నేళ్లుగా.

"సెవ్డలీనా వాళ్ల అమ్మగారా?"

వెనక రాలిత్సా మేడం నిలబడి ఉంది. నిజంగానే చిన్నపిల్ల. పొట్టి జుట్టు, చంకలో పుస్తకాలు, చేతి మీద సుద్దపొడి. మొహంలో కల్మషం లేదు. అది చూసి రుకియేకి ఇంకా భయమేసింది.

"రుమ్యానా గారు కదూ! మీరు రావడం ఎంత మంచిదైందో. మీ అమ్మాయి రాసింది చదువుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయండీ. వచ్చే వారం అతిథుల ముందు తనే చదవాలి. నేను హెడ్మాస్టర్ గారికి చెప్పేశాను."

"మేడం, అది తీసెయ్యండి."

"ఆ పెన్సిల్ రాతలా? చూశానండీ. తీసెయ్యొచ్చు. కానీ తీసేస్తే రాసినవాడు గెలిచినట్టే కదా? రేపు క్లాసులో దాని గురించే మాట్లాడతాను. మాట్లాడుకోవాలండీ. మాట్లాడకపోవడం వల్లే కదా ఇన్నాళ్లూ..."

"రాత కాదు మేడం. కాగితం."

మేడం పుస్తకాలు కిటికీ మీద పెట్టి దగ్గరికొచ్చింది. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు గొంతు మెత్తగా చేసింది. "భయపడకండి. తనెవరో తను గర్వంగా చెప్పుకోవాలి. అందుకే కదా ఈ ప్రశ్నలు."

"మీరు శుక్రవారం సాయంత్రం బస్సెక్కి మీ ఊరు వెళ్లిపోతారు మేడం. ప్రశ్న ఇక్కడే ఉండిపోతుంది. మా పిల్లా ఇక్కడే ఉండిపోతుంది."

"నేనున్నాను కదా?"

"వచ్చే ఏడు?"

మేడం చేతి మీది సుద్దపొడి దులుపుకుంది. గదుల్లోంచి పిల్లలు బయటికొచ్చే వేళ దగ్గరపడుతోంది. గంట కొడితే వరండా నిండిపోతుంది. వాళ్లందరి ముందూ తనీ గోడ దగ్గర, ఈ చేతులతో. కొత్త కారు చప్పుడు విన్నప్పటిలాగే రుకియే చెయ్యి గడ్డం కిందికి పోయింది. ముడి అక్కడ లేదు.

"అది నిజం కాదు మేడం."

"ఏది?"

"పిల్ల కల్పించి రాసింది. మా మామగారి పేరు స్లావ్చోనే. పుట్టినప్పుడూ అదే, పోయినప్పుడూ అదే. గోరీ దగ్గర ఎవరూ ఎవర్నీ ఏ పేరుతోనూ పిలవలేదు. అందరినీ పూడ్చినట్టే పూడ్చాం. దానికి కథలల్లడం అలవాటు. చిన్నప్పటినుంచీ అంతే."

మాటలు అంత తేలిగ్గా, అంత వరసగా వస్తాయని ఆమె అనుకోలేదు. ఎవరో పక్కన కూర్చుని అందిస్తున్నట్టు వచ్చాయి.

మేడం మొహంలో ఏదో మెల్లగా సర్దుకుంది. కాగితం వైపు చూసింది, రుకియే వైపు చూసింది. "ఈ ప్రశ్నలకు నేను పెట్టిన నియమం ఒక్కటేనండీ," అంది. "తప్పులున్నా ఫర్వాలేదు, నిజం రాయాలి."

"తెలుసు మేడం. చిన్నపిల్ల. క్షమించండి."

మేడం గోడ వైపు తిరిగింది. గుండుసూదులు ఒక్కొక్కటే పీకింది. పెట్టడానికి చోటు లేక రుకియే వైపు చెయ్యి చాపింది. రుకియే అరచెయ్యి తెరిచి పట్టింది. నాలుగు సూదులు, ఎర్రటి తలలవి. మేడం చూపు ఒక్క క్షణం ఆ గోళ్ల చుట్టూ ఉన్న నల్లగీత మీద ఆగింది, తర్వాత పక్కకు తిరిగింది. అప్పుడే గంట కొట్టారు.

వెనక్కి వచ్చే బస్సులో రుకియేకి గుండె తేలికపడింది. కండక్టర్ ఏదో జోకేస్తే నవ్వింది కూడా. గోడ మీద కాగితం లేదు. ఇక ఎవరూ చదవరు. మార్కులు కొంచెం తగ్గితే తగ్గుతాయి, ఇంగ్లండు లేకపోతే లేకపోయె, ఇంగ్లండులో పిల్లలు తప్పిపోతారని ఎక్కడో విన్నది. ఊరు దిగేటప్పుడు పిడికిలి విప్పితే సూదులు అక్కడే ఉన్నాయి. అరచేతిలో గుచ్చుకున్న గుర్తులు. పారెయ్యబుద్ధి కాలేదు. వంటింటి కిటికీ గట్టు మీద పెట్టింది.

శుక్రవారం సెవ్డా వచ్చింది. సంచీ గుమ్మంలో పెట్టి, బట్టలు మార్చుకుని, నేరుగా పాకలోకి వెళ్లి గోనెపట్టా మీద కూర్చుని దబ్బనం అందుకుంది. వంటింట్లో మిరపకాయలు కాలుస్తున్న రుకియే, పిల్ల వస్తూనే తిండి అడగకపోవడం గమనించింది. చేతులు తుడుచుకుని వెళ్లి ఎదురుగా కూర్చుంది. నెఫీసే ఆకు సర్దుతోంది.

"ఏమే, మొహం అట్లా ఉందేం?" అంది నెఫీసే. "గోడకెక్కావటగా. దిగావా?"

"దిగాను నానమ్మా."

"ఏమంది మీ మేడం?"

సెవ్డా ఆకు ఈనె వెతికి గుచ్చింది. "క్లాసులో లేచి నిలబడమంది. మీ అమ్మ కల్పన అని చెప్పింది, ఇది నిజమా, కల్పనా, నీ నోటితో చెప్పు అంది. కోపంగా కాదు. నిజమనే చెబుతావు కదా అన్నట్టు చూసింది."

"చెప్పలేకపోయావా?" నెఫీసే కసిరింది.

"కల్పనే అన్నాను."

నెఫీసే చేతిలో ఆకులు ఒళ్లో పడ్డాయి. "నీ తాతను కల్పన అన్నావా? ఎందుకే?"

సెవ్డా తల్లి వైపు చూడలేదు. "నిజమంటే అమ్మ అబద్ధం చెప్పినట్టు కదా. అందరి ముందూ." ఇంకో ఆకు గుచ్చింది. "ఎవరూ నవ్వలేదు. బొమ్మ వేసినవాడు కూడా. ఊహ బాగుంది అంది మేడం. రెండు వేసింది."

ఆరుకు రెండంటే తప్పినట్టే. నెఫీసే కోడలి వైపు చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ముసలామె మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, పాక గుమ్మం దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడింది. ప్లమ్ తోట అవతల గోరీల గోడ అక్కడి నుంచి కనబడుతుంది.

"సోమవారానికి ఇంకోటి రాసిస్తే ఆ రెండు కొట్టేస్తానంది," అంది సెవ్డా.

రుకియేకి ప్రాణం లేచొచ్చింది. "మంచిదే కదా! మంచి మనిషే పాపం. ఏం రాయాలట?"

"నువ్వెవరు? అంతే. పది వాక్యాలు." సెవ్డా దబ్బనం పక్కన పెట్టి, గౌనుకు చేతులు రాసుకుని, వెళ్లి సంచీలోంచి కాగితమూ పెన్నూ తెచ్చుకుంది. బోర్లించిన చెక్కపెట్టె మీద కాగితం పరిచింది. తల వంచుకుని, పెన్ను పట్టుకుని కూర్చుంది. "చెప్పమ్మా, రాస్తాను."

"నేను చెప్పేదేంటే? నీ చదువు నాకేం తెలుసు?"

"జవాబులు నీకు తెలుసు కదా. నువ్వు మన మాటల్లో చెప్పు. నేను ఇంగ్లీషులో పెట్టుకుంటాను."

పిల్ల గొంతులో ఎగతాళి ఉందేమోనని రుకియే వెతికింది. లేదు. కోపమూ లేదు. ఊరికే కూర్చుని ఉంది, చెప్పింది రాయడానికి.

రుకియే దగ్గరికి జరిగింది. "పేరు సెవ్డలీనా," అంది.

పెన్ను కదిలింది.

"కొండల్లో చిన్న ఊరు మాది. గాలి మంచిది. నీళ్లు మంచివి."

పెన్ను కదిలింది. "తర్వాత?"

"నాన్న ఇళ్లు కడతాడు. నానమ్మ రొట్టెలు బాగా చేస్తుంది. మార్చి ఒకటిన అందరం దారాలు కట్టుకుంటాం."

"తాత?"

"తాత... స్లావ్చో. ప్లమ్ తోట పెంచాడు. మంచివాడు. అందరితో కలిసిమెలిసి ఉండేవాడు."

"ఎట్లా పోయాడు?"

"పెద్దతనం వల్ల. అందరూ పోయినట్టే."

రుకియే మెల్లగా చెబుతోంది. ఒక్కో మాటా రెండుసార్లు చెబుతోంది, ఎక్కడ తప్పిపోతుందో అని. వంగిన ఆ తల ఒక్కసారీ పైకి లేవలేదు, అవుననలేదు, కాదనలేదు. గుమ్మంలో నెఫీసే ఇటు తిరిగింది. కోడలు కూర్చున్న తీరు చూసింది, ఒక మోకాలు మడిచి, ముందుకు వాలి, వంచిన తల మీదికి గొంతు దించి మాట్లాడుతున్న తీరు.

రుకియే అత్త చూపు చూసింది. అది ఎక్కడ చూసిన కూర్చోవడమో ఆమెకూ తెలిసింది. మామగారిని పూడ్చిన రోజు, గోరీ మీదికి వాలి కూర్చున్న హోజాను ఆడవాళ్లంతా మేడ కిటికీలోంచి చూశారు. కూతురి మెడ మీద, జుట్టు కింద, సన్నటి నరం కొట్టుకుంటోందా లేదా అని చూసింది. కొట్టుకుంటోంది.

"ఒక వాక్యం తక్కువైంది," అంది సెవ్డా. "అమ్మ గురించి. అమ్మ పేరు ఏం రాయను?"

పందిరి మీద దండలు గాలికి ఒరుసుకున్నాయి. రుకియే తన చేతులు చూసుకుంది. నిన్న తోమి తోమి తెల్లగా చేసుకున్నవి, పొద్దున ఆకుపనికి మళ్లీ నల్లబడ్డాయి.

"రుకియే," అంది. "రుకియే అని రాయి. సెవ్డా, విన్నావా? రుకియే కూతుర్ని అని రాయి. ఆ పైన రాసింది కూడా కొట్టెయ్. మొదటినుంచీ రాద్దాం."

సెవ్డా అప్పుడు తల ఎత్తింది. తల్లి మొహం వైపు కాసేపు చూసింది. జాలిగా చూసింది, తెలియనివాళ్లకు దారి చెప్పేటప్పుడు చూసినట్టు.

"వద్దులే అమ్మా," అంది. "ఎవరైనా చదివితే?"

రుమ్యానా అని పైకి పలుకుతూ రాసింది. చివర చుక్క పెట్టి, సిరా ఆరేలా ఊది, కాగితం రెండు మడతలు పెట్టింది. తర్వాత లేచి, అటక మీది గడ్డిలోంచి పచ్చి టమాటా ఒకటి తీసుకుని, ఎవరూ పిలవకుండానే పంపు దగ్గరికి వెళ్లింది. ఒక్కో వేలూ పట్టుకుని, గోరు పక్క సందులు కూడా వదలకుండా, తనే రుద్దుకోవడం మొదలుపెట్టింది.